పత్తి షెడ్డులో డీజిల్ పీపాలు

1956 చివర్లో నేను ఆదిలాబాద్‌లో ఒక ఆయిల్ ఏజెంటు దగ్గర డిపో మేనేజరుగా ఉండేవాణ్ణి. డిపో అంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక రేకుల షెడ్డు, పక్కన చేత్తో తిప్పి పోసే పెట్రోలు పంపు, అంతే. లారీలకూ, జిన్నింగు మిల్లుల ఇంజన్లకూ డీజిల్ మా దగ్గరి నుంచే వెళ్లేది. ధర పెరిగితే జనం నన్ను తిట్టేవాళ్లు. తగ్గితే మాత్రం నన్ను మెచ్చుకున్న మహానుభావుడు ఒక్కడూ లేడు.

మా ఖాతాదారుల్లో గంగారాం సేటు అంటే నాకు ప్రత్యేకమైన గౌరవం. చిన్న జిన్నింగు మిల్లు ఆయనది. పత్తిలోంచి గింజ వేరుచేసి దూది తీసే మరలు, వాటిని తిప్పే డీజిల్ ఇంజను, పత్తి పోసుకోవడానికి ఒకే ఒక షెడ్డు. తూకంలో మోసం లేని మిల్లని చుట్టుపక్కల రైతులు నమ్మేవాళ్లు. ఏటా సీజను మొదలయ్యే రోజున లస్మన్న అనే రైతు బండి మొట్టమొదట ఆ గేటు ముందు ఆగాలి. సేటు ఎడ్లకు బొట్టుపెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఆ యేటి మొదటి ధర చెప్పాలి. ఆ తర్వాతే మిగతా బండ్లు లోపలికి వచ్చేవి. ఆయన బతుకంతా ఆ గేటులోకి వచ్చే బండ్ల మీదే ఆధారపడి ఉండేది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన నెలలోనే సూయజ్ కాలువ మూతపడిందని పేపర్లో వచ్చింది. రెండో రోజు పొద్దున్నే సేటు మా డిపోకు వచ్చాడు.

"తమ్మీ, గా కాలువ బందైందట గదా! ఇగ నూనె ఏడికెల్లి వస్తది? ధర రెండింతలైతది సూడు. నాగపూర్ కెల్లి డీజిల్ పీపాలు తెప్పిచ్చి పెడ్త, పెరిగినంక అమ్ముత."

"మన నూనె గా కాలువల నుంచి రాదు సేటూ. గల్ఫ్ నుంచి బొంబాయికి సీదా వస్తది."

"మరి పెరుగుతదని అందరెందుకు అంటున్నరు?"

"ఓడల కోసం. యూరప్ పోయే ఓడలన్నీ ఇప్పుడు ఆఫ్రికా సుట్టు తిరిగి పోవాలె. దినాలు ఎక్కువ పడ్తయి, ఓడలకు కరువొస్తది, కిరాయి పెరుగుతది. గా కిరాయి మన ధరల గూడ పడ్తది. గంతేగని రెండింతలెట్లయితది?"

ఓడ కిరాయిని మా వ్యాపారంలో ఫ్రైట్ అంటారు. నూనె ధరలో సగం కథ నూనెది కాదు. ఓడది, పన్నుది, మనుషుల భయానిది. భయం అన్నిటికంటే ముందు పరుగెత్తుతుంది. మా ఊరి హోటల్లో ఆ వార్త చదివేసరికే నాగపూర్ దళారులు డీజిల్ పీపా ధర పెంచేశారు. ఆ సంగతీ సేటుకు చెప్పాను.

"పెరిగేదంతా వాళ్లు ముందే మీ దగ్గర గుంజుతుండ్రు సేటూ. రేపు మీరు ఎవనికి అమ్ముతరు? గిది పత్తి గాదు, మార్కెట్ల హర్రాస్ పాడెటందుకు. మా పంపు ధర పైన కంపెనీ కెల్లి వస్తది. దానికన్న ఎక్కువ పెట్టి మీ దగ్గర ఎవడు కొంటడు?"

ఆయన నవ్వాడు. పోలీసు చర్యకు ముందు, సరిహద్దుల్లో సరుకు ఆగిపోయిన రోజుల్లో, నాలుగు డబ్బాల కిరోసిన్ దాచుకున్నవాడు ఎట్లా రాజయ్యాడో ఆయన కళ్లారా చూశాడు. పైగా పత్తి వ్యాపారి. ధర రాకపోతే సరుకు షెడ్డులో పెట్టి, వచ్చేదాకా ఓపిక పట్టడం ఆ ఊళ్లో తాతలనాటి పద్ధతి.

"నువ్వు నౌకరోనివి తమ్మీ. యాపారం నీకేం ఎరుక?" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "మీ ఇష్టం, పోండ్రి" అన్నాను.

వారం తిరక్కుండా నాగపూర్ లారీలు దిగాయి. ఆరుబయట పెడితే దొంగల భయమని పీపాలన్నీ పత్తి షెడ్డులోకే దొర్లించారు. ఒకటి రెండు పీపాలు కారి, మట్టినేల నల్లబడింది.

సీజను మొదలయ్యే రోజు బిల్లు పనిమీద నేను అక్కడే ఉన్నాను. లస్మన్న బండి వచ్చింది. సేటు పళ్లెంలో కుంకుమ, కొబ్బరికాయ పట్టుకుని ఎదురొచ్చాడు. లస్మన్న బండి దిగి, షెడ్డులోకి తొంగిచూసి, ముక్కు మూసుకున్నాడు.

"సేటూ, ఇదేం కంపు? పత్తి ఏడ పోయాలె?"

"జర ఓపిక పట్టు లస్మన్నా. నెల దినాలల్ల ఖాళీ జేస్త."

"నెల దినాలా? దూదికి గీ వాసనంటితే కొనెటోడు మొఖం మీద కొడ్తడు. నా పత్తి ఈడ దించను సేటూ. ఏమనుకోకు."

ఆ మాట అంటున్నప్పుడు లస్మన్న కళ్లలో నీళ్లు తిరిగాయి. బండి వెనక్కి తిప్పాడు. వెనక వరుసలో ఉన్న బండ్లూ తిరిగాయి. సేటు పళ్లెం పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. అంత పెద్దమనిషిని ఆ స్థితిలో చూడలేక నేను బిల్లు సంగతి ఎత్తకుండానే వచ్చేశాను.

డీజిల్ ధర నిజంగానే కొంత పెరిగింది. కానీ సేటు కొన్న ధరను అందుకోలేదు. ఎండాకాలం వచ్చేసరికి కాలువ తెరిచారు, మాకు సరుకు మామూలుగా రాసాగింది. కారినవి కారగా మిగిలిన పీపాలు ఆయన అయినకాడికి అమ్మేశాడు. అన్నిటికంటే నా మనసును కోసింది ఒకటే. ఆ చలికాలమంతా ఇంజనుకు కావలసినంత డీజిల్ ఉంది, ఆడించడానికి పిడికెడు పత్తి లేదు. మరుసటి ఏడు మిల్లు చేతులు మారింది.

ఊరు విడిచి కూతురి దగ్గరికి పోయేముందు సేటు మా డిపోకు వచ్చి బెంచీ మీద కూలబడ్డాడు.

"ధర పెరిగింది గదా తమ్మీ? నేనన్నది నిజమే గదా?"

"నిజమే సేటూ."

"మరి నేనెట్ల మునిగిన?"

"మీ చేతికి రాకముందే పెరిగింది సేటూ. గా పెరిగింది దళారి తినేసిండు."

ఆయన బెంచీ మీంచి లేచాడు. "గీ ముక్క నాకు అప్పుడే చెప్పకపోతివి" అన్నాడు.

చెప్పానని అనలేకపోయాను. ఆయన అబద్ధమాడటం లేదు. నిజంగానే ఆ మాట ఆయన చెవిన పడలేదు.

తర్వాత ఎన్నో ఏళ్లు ఆ వ్యాపారంలోనే ఉన్నాను. యుద్ధాలొచ్చాయి, పన్నులు పెరిగాయి, నూనె మీద డబ్బు పెడతామని నన్ను సలహా అడిగినవాళ్లు కొల్లలు. నేను ఎవరికీ ధర పెరుగుతుందనీ, తగ్గుతుందనీ చెప్పలేదు. చెప్పినా వినరు. ఒకటే అడిగేవాణ్ణి: "ఈ సరుకు పెట్టెటందుకు మీ షెడ్డుల నుంచి ఏం బయటికి తీస్తున్నరు?" చాలామంది కాసేపు ఆలోచించి, చాయ్ తాగి, వెళ్లిపోయేవాళ్లు. గంగారాం సేటును ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే, జవాబుగా ఆయనే "పత్తి" అనాల్సి వచ్చేది. నా మాట వినని మనిషి, తన నోటి మాటైనా వినేవాడేమో.