మా కొలువులో రోమన్ వంతెన

2012 దసరాకి చిక్కడపల్లిలో మా బొమ్మల కొలువులో రోమన్ వంతెన కడతానంటే, మా అత్తగారు నన్ను ఎగాదిగా చూసి, "రాములవారి వారధి సరిపోదుటే?" అన్నారు. కొలువులో ఏటా కొత్తది ఒకటైనా చేర్చడం వాళ్ల అమ్మగారి నాటి ఆనవాయితీ. ఆ ఏడు వంతు నాది. నేను నారాయణగూడలో స్కూలు పిల్లలకు సోషల్ చెప్పేదాన్ని. ఇటలీలో ఏదో పాత ఊళ్లోని కమాను వంతెన ఫోటో చూపించి, రాళ్లు ఏ అతుకూ లేకుండా ఒకదాన్నొకటి నొక్కుకునే ఇన్నేళ్లూ నిలిచాయని చెబితే క్లాసంతా నవ్వింది. నాకు ఒళ్లు మండింది. కట్టి చూపించాల్సిందే అనుకున్నాను.

కవాడిగూడలో వడ్రంగి చేత ఒక అంచు సన్నగా ఉండే చెక్కముక్కలు కోయించాను. "మేకులు కొట్టి ఇస్త అక్కా, పరేషాన్ ఉండదు" అన్నాడు. వద్దన్నాను. సగానికి కోసిన ప్లాస్టిక్ పైపును అగ్గిపెట్టెల మీద బోర్లించి, దానిపైన ముక్కలు పేర్చాను. పెట్టెలు లాగి పైపు తీయగానే అంతా కుప్పకూలింది. మళ్లీ పేర్చాను, మళ్లీ కూలింది. కొలువులో ఏదైనా కూలితే అపశకునమని అత్తగారి భయం. మర్నాడు పేరంటాళ్లు వచ్చేలోగా నిలవకపోతే తీసెయ్యమన్నారు.

పొద్దున్నే చూస్తే వంతెన నిలబడి ఉంది. సంబరంగా ముట్టుకుంటే వేళ్లకు బంక అంటుకుంది. నా పరువు పోకూడదని అత్తగారే అతికించారట. నాకు కోపమూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

"అతికిస్తే ఇది వంతెన కాదు అత్తయ్యా, ఉత్త బొమ్మ."

"కొలువులో పెట్టేది బొమ్మలనే కదే" అన్నారావిడ.

ఇంకా ఆరని బంకను తడిగుడ్డతో తుడిచి, ముక్కలన్నీ మొదటినుంచీ పేర్చాను. ఈసారి పైపును కొద్దికొద్దిగా దించుతూ చూస్తే, కమాను చివర్లు రెండూ పక్కలకు జారిపోతున్నాయి. అదీ సంగతి. డాబా మీది ఇటుకలు తెచ్చి రెండు వైపులా గట్టిగా ఆనించాను. పైపు తీసేసినా కమాను నిలిచింది. పైన చిన్న పలక పరిచాను. బరువు పెడితే ఇంకా బిగుస్తుందని అత్తగారికి చెప్పాను. ఆవిడ విననట్టే వంటింట్లోకి వెళ్లిపోయారు.

సాయంత్రం పేరంటాళ్లు వచ్చి కూర్చున్నాక, అత్తగారు కొలువు పై మెట్టు మీద నుంచి వాళ్ల అమ్మగారి మట్టి ఆవుదూడను దించారు. దాన్ని నన్నెప్పుడూ ముట్టుకోనివ్వలేదు. తీసుకొచ్చి వంతెన మధ్యలో పెట్టారు. కాసేపు రెండు చేతులూ దాని చుట్టూనే ఉంచారు. తర్వాత చేతులు తీసేసి, కుంకుమభరిణె అందుకుని బొట్టు పెట్టడానికి వెళ్లారు.