మొదటి గంటలో నేర్పాల్సిన మాట

నా చిన్నప్పుడు మా ఇంట్లో కన్నడం, వీధిలో తెలుగు మాట్లాడేవాళ్ళం. ఆదోనిలో పత్తి మిల్లులో పని దొరికితే మా నాయన మమ్మల్ని సరిహద్దు అవతలి పల్లె నుంచి తీసుకొచ్చాడు. తన కూతురికి ఇంగ్లీషు రావాలని ఆయన పట్టుదల. అందుకే నన్ను మా పేటలోని చిన్న ఇంగ్లీషు బడిలో రెండో తరగతిలో చేర్పించాడు.

ఆ ఏడు ఇంగ్లీషు చెప్పడానికి కడప వైపు నుంచి కొత్త టీచరమ్మ వచ్చింది. చదువు ముగించి నేరుగా వచ్చిన మనిషి. రాత్రిళ్ళు కూర్చుని అట్టల మీద ఆవు, కుండ, గొడుగు బొమ్మలు గీసి తెచ్చేది. తన గంటలో ఇంగ్లీషు తప్ప ఇంకో మాట వినపడకూడదని నియమం పెట్టింది. వేరే భాషలో ఏమడిగినా విననట్టే ఉండేది. కోపంతో కాదు, అట్లా అయితేనే పిల్లలకు తొందరగా వస్తుందని ఆమె నమ్మకం.

ఒకరోజు ఆ గంటలోనే నాకు బయటికి పోవాల్సి వచ్చింది. ఆవును, కుండను ఇంగ్లీషులో ఏమంటారో తెలుసు కానీ, బయటికి పోతానని ఎట్లా అడగాలో తెలియదు. లేచి నిలబడి తెలుగులో అడిగాను. ఆమె నవ్వుతూ ఇంగ్లీషులో అడగమంది. కూర్చున్నాను. మళ్ళీ లేచాను. మళ్ళీ అదే నవ్వు. ఆ తర్వాత లేవలేదు. కాళ్ళు దగ్గరికి బిగించి, గొడుగు బొమ్మ వైపే చూస్తూ ఉండిపోయాను. కాసేపటికి ఆపుకోలేకపోయాను, పావడా, బెంచీ తడిసిపోయాయి. పక్కనున్న పిల్ల తన సంచి ఎత్తి పట్టుకుని దూరం జరిగింది. వెనక బెంచీలో ఎవరో నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు.

బడిలో పనిచేసే ఆయమ్మ నన్ను ఇంటికి నడిపించింది. తడి పావడా కాళ్ళకు చుట్టుకుంటుంటే, దారిలో ఎదురైన ప్రతి మనిషీ దాన్నే చూస్తున్నట్టు అనిపించింది. ఇల్లు చేరాక ఇంక బడికి పోనన్నాను.

సాయంత్రం టీచరమ్మ మా ఇంటికి వచ్చింది. మా అమ్మ గాబరాగా చాప పరిచి, తనే తప్పు చేసినట్టు తల వంచుకుంది.

"సిన్నపిల్ల మేడం, తెలీక సేసింది. ఏమనుకోవద్దండి" అంది.

టీచరమ్మ చాప మీద కూర్చుంది. "తప్పు పాపది కాదమ్మా, నాది. అడిగే మాట నేర్పకుండానే అడగమన్నాను" అంది. తర్వాత బయటికి పోతానని మీ ఇంట్లో ఎట్లా అడుగుతారని మా అమ్మను అడిగింది. అమ్మ చెప్పింది. ఆమె ఆ మాటను నోట్లోనే పలుక్కుంది. నేను తలుపు వెనక నుంచి బయటికి రాలేదు.

మరునాడు అమ్మ నన్ను దాదాపు లాక్కుపోయి బడిలో దిగబెట్టింది. ఇంగ్లీషు గంట రాగానే టీచరమ్మ నన్ను తన కుర్చీలో కూర్చోబెట్టి, తాను పోయి నా చోట కూర్చుంది. ఆ గంటలో మొదటిసారి తెలుగులో మాట్లాడింది. ఈరోజు టీచరు నేనట, తాను పిల్లట, కన్నడం తప్ప ఇంకేమీ వినపడకూడదట.

ఆమె లేచి నిలబడింది. నోరు తెరిచింది. మాట రాలేదు. తెలుగులో ఏదో మొదలుపెడితే పిల్లలంతా "కన్నడం, కన్నడం" అని అరిచారు. ఆమె ముఖం ఎర్రబడింది. నిన్న మా ఇంట్లో నేర్చుకున్న మాటే, అన్ని కళ్ళ ముందు నిజంగానే జారిపోయిందని నాకు అర్థమైంది. ఆమె నా వైపు చూసింది. అక్కడ ఆ మాట తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

"హొరగె హోగ్లా" అన్నాను మెల్లగా.

ఆమె నా వెంట పలికింది. నేను తల ఊపాక బయటికి పోయి, వరండాలో నిలబడి, తిరిగి వచ్చింది. అప్పుడు ఎవరూ నవ్వలేదు. ఆ తర్వాత అదే మాట ఇంగ్లీషులో ఎట్లా అడగాలో మా అందరికీ నేర్పింది. ఒక్కొక్కరం అడగడం, బయటికి పోయి రావడం, దాంతోనే గంట అయిపోయింది. బొమ్మల అట్టలు ఆరోజు సంచిలోంచి తీయలేదు. నన్ను పిల్లలు ఏడిపించడం మాత్రం ఒక్కసారిగా ఆగలేదు, ఆ ఏడంతా అప్పుడప్పుడూ సాగింది.

పెద్దయ్యాక నేను ఎమ్మిగనూరులో చిన్నపిల్లలకు ఇంగ్లీషు చెప్పాను. ఇప్పుడు ఇంటిపట్టునే ఉన్నా, కొత్తగా చేరిన టీచర్లు లెసన్ ప్లాన్లు చూపించడానికి వస్తుంటారు. పాటలు, ఆటలు, ఫోనులో బొమ్మలు, అన్నీ బాగుంటాయి. నేను మొదటి గంట మాత్రం వెతుక్కుంటాను. బయటికి పోవాలని, దప్పికైందని, అర్థం కాలేదని చెప్పుకునే మాటలు అందులో లేకపోతే ముందు అవి రాయమంటాను. అవి వచ్చేదాకా పిల్ల ఏ భాషలో అడిగినా వినమంటాను.

ఎందుకంత పట్టుదల మేడం అని వాళ్ళు అడుగుతారు. పిల్లల కోసమే కదా అని మాట దాటేస్తాను. ఆరోజు సంగతి చెబితే ఇంకా బాగా అర్థమవుతుందని తెలుసు, అయినా చెప్పలేను. మా టీచరమ్మ నా కోసం అందరి ముందూ నిలబడి సిగ్గుపడింది. నాకింకా ఆ ధైర్యం రాలేదు.