గేటు బాబాయి చెప్పే అంకెలు

రేవు గేటు దగ్గర నగదు తీసుకోవడం మానేసి, రుసుము ఫోన్లోనే కట్టాలన్న రోజున లారీ డ్రైవర్లంతా బిక్కమొహం వేశారు. సరుకుల కంపెనీలో గుమాస్తాగా ఉన్న ఒకాయన వాళ్ళకు ధైర్యం చెప్పి, ఒక్కొక్కరికీ ఖాతా తెరిచిపెట్టాడు. కట్టేముందు వచ్చే ఓటీపీ అంకెలు మాత్రం తన ఫోనుకే వచ్చేలా చేశాడు. "మీకెందుకర్రా ఈ గోల, నన్నడగండి, చెప్తా" అన్నాడు. అప్పట్నుంచి ఆయన అందరికీ గేటు బాబాయి.

"ఊరందరి తాళాలూ నీ మొలకే కట్టుకున్నావు, రేపు నీకు జ్వరమొస్తేనో?" అని భార్య దెప్పేది. ఆయన నవ్వేసేవాడు. నలుగురూ తనకోసం వెతుక్కోవడం లోలోపల తీపిగానే ఉండేది.

మీసాల డ్రైవరు ఒకసారి అడిగాడు. "ఇంకోసారి సరుకు పాడైతే బండి దిగిపొమ్మన్నాడు మా ఓనరు. నా నంబరే పెట్టి నాకు నేర్పు బాబాయ్."

"చూద్దాంలేరా" అని దాటేశాడు.

ఆ సెలవురోజు ప్రార్థనలో ఉండగా జేబులో ఫోను వణికింది. మీసాల డ్రైవరే. దేవుడి ముందు ఈ గోలేమిటని ఫోను ఆపేశాడు. తర్వాత ఏ ప్రార్థనా నోటికి రాలేదు.

రేవుకు పరుగెత్తేసరికి లారీ గేటు బయటే ఉంది. చేపల మీది ఐసు కరిగి నీళ్ళు ధారగా కారుతున్నాయి. ఆ చేపలు ఎక్కించుకోవాల్సిన ఓడ వెళ్ళిపోయింది.

డ్రైవరు తిట్టలేదు. నీళ్ళసీసా అందించి, "ముందు తాగు బాబాయ్, రొప్పుతున్నావు" అన్నాడు.

ఆయన తాగకుండానే సీసా తిరిగిచ్చేశాడు. "నువ్వేనని తెలిసే ఫోను ఆపేశానురా. నేర్పితే నాతో నీకు పనేముంటుందని నేర్పలేదు కూడా."

డ్రైవరు సీసా మూత బిగించాడు. "ఆ మాట మా ఓనరుతో చెప్తావా?"

చెప్పాడు. ఓనరు ఎగాదిగా చూసి, "నీ మంచితనానికి బండెడు చేపలు మట్టిపాలయ్యాయి పెద్దాయనా" అన్నాడు. తర్వాత డ్రైవరు వైపు తిరిగి, "రేపు లోడుకి వేళకి రా" అన్నాడు.

మర్నాడు గేటు దగ్గర డ్రైవరు, బాబాయి తన నంబరే ఎక్కించి ఇచ్చిన సొంత ఫోను పట్టుకుని ఒక్కో అంకె వెతుక్కుంటూ నొక్కుతున్నాడు. వెనక లారీలు హారన్లు మోగిస్తున్నాయి. తడబడి మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టాడు.

చెయ్యి చాచి తానే నొక్కేద్దామనిపించింది ఆయనకు. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, అలాగే నిలబడ్డాడు.