సన్న చెయ్యి

గచ్చిబౌలిలో బస్సెక్కితే, పక్క సీట్లో ఒక అమ్మాయి ఫోన్‌లో ఏదో ప్రకటన తెరుస్తూ మూస్తూ కూర్చుంది. అప్పుడప్పుడే చదవడం నేర్చుకున్నదాన్ని, అక్షరాలు కనబడితే ఊరుకోలేకపోయేదాన్ని. "పశువైద్య కళాశాల" అని కూడబలుక్కుని పైకే చదివాను.

ఆమె నవ్వింది. "కొత్తగ తెరిచిన్రు పెద్దమ్మా. అప్లికేషన్‌కు ఇయ్యాలనే ఆఖరు. ఆడపిల్లవు, బర్రెలతోటి నీకేం పని అంటున్నరు ఇంట్ల. ఈ చేతులతోటి అయితదా అని నాకు గూడ భయమే."

"కోకాపేటల టవర్లు లేవకముందు మాకు బర్రెలుండె బిడ్డా. ఒకపారి ఈనేటప్పుడు దూడ అడ్డం తిరిగింది. డాక్టర్ సారు చెయ్యి లావు, లోపలికి పోలే. సన్న చెయ్యి గావాలె అన్నడు. ఆయన చెప్తుంటే నా చెయ్యే పెట్టిన."

"బతికిందా?"

"తల్లీ దూడా రెండూ బతికినయ్."

ఆ అమ్మాయి తన అరచేతిని నా అరచేతికి ఆనించి చూసుకుంది. వేళ్లు సమానంగా వచ్చాయి. ఆమె కొండాపూర్‌లో దిగిపోయేటప్పుడు ఫోన్‌లో ఆ ప్రకటన తెరిచే ఉంది.

ఇప్పటికీ పశువుల దవాఖాన కనబడితే ఆగి, బోర్డు మీద డాక్టర్ పేరు చదువుతాను. ఆడమనిషి పేరైతే ఇంకోసారి చదువుతాను. ఆ అమ్మాయి పేరు మాత్రం నేను అడగలేదు.