కట్టు కట్టడం నేర్పిన నర్సమ్మ

నా పేరు ఓబులమ్మ. వయసు డెబ్బై దాటింది. బనగానపల్లెకు ఆమడ దూరంలో మా ఊరు. ఇంట్లో నేను, నా కొడుకు, కోడలు, పదహారేండ్ల మనవరాలు. మంత్రసాని పని చేసి బతికినదాన్ని. అక్షరం రాదు. నేను చెబుతుంటే మా ఆస్పత్రి కాంపౌండరు రాస్తున్నాడు. చదివేవాళ్ళకూ, చదివించుకుని వినేవాళ్ళకూ నేను చెప్పుకునేది ఇది.

మా నర్సమ్మ పోయిన గురువారం చచ్చిపోయింది. కాంపౌండరు 'పరమపదించారు' అని రాయబోతే ఆపాను. ఆమె తనంతట తాను పోలేదు. పట్టపగలు గొడ్డలితో కొట్టి పంపారు.

కర్నూలులో రాజధాని గుడారాలు వేసిన మరుసటి ఏడు ఆమె కడప వైపు నుంచి వచ్చింది. ఎనిమిదో తరగతి చదివిన ఆడపిల్లలను ఆరుగురిని చేర్చుకుని రెండేండ్ల చదువు మొదలుపెట్టింది. కాన్పు చేయడం, గాయానికి కట్టు కట్టడం, మంచాన పడ్డవాళ్ళను కడిగి ఒళ్ళు తిప్పడం, ఇదీ ఆ చదువు. నా మనవరాలూ చేరింది. నేను కొట్లాటకు పోయాను.

"నా కూడు కొట్టేదానికి వచ్చినావా?" అన్నాను.

"అవ్వా, ముందు ఈ మంచం మీద పండుకో. పిల్లోళ్ళకు ఒళ్ళు కడిగేది నేర్పాల. లేవలేని ముసలిదాని మాదిరి పడుండు. నోరు గూడా మూసుకో. అది నీకు శానా కష్టమే."

పిల్లలు పకపకా నవ్వారు. పడుకున్నాను. ఒక పిల్ల నన్ను ఇటు నుంచి అటు మూటలా దొర్లించింది. నడుము కలుక్కుమంది. దాని ఏడు తరాలను తిట్టాను. నర్సమ్మ ఆ పిల్లనే అడిగింది: "నొప్పి అవ్వది, తొందర నీది. ఏది పెద్దది?" ఆ మాట ఆ గదిలో రోజూ వినిపించేది.

ఆమెకు ఇంకో అలవాటు. ఎవరిని ముట్టుకోబోయినా ముందు "పట్టుకుందునా?" అని అడిగేది. అప్పుడే పుట్టిన బిడ్డను కూడా అడిగేది. "అది ఏం జెప్తాది నీకు?" అని నేను ఎగతాళి చేస్తే, "జెప్పకపోయినా అడగాల గదా అవ్వా" అనేది.

మా ఊరిలో రెండు పార్టీలు. పైవీధి, కిందివీధి. ఏటా ఒకటో రెండో తలలు తెగుతాయి. ఆమె ఒకరోజు నన్ను అడిగింది. "నువ్వు రెండు వీధులకూ పోతాండావు గదా, ఎవరూ అడ్డం రారా?"

"బొడ్డు కోసే చేతికి అడ్డం వచ్చేటోడు ఈ ఊర్లో ఇంకా పుట్టలా. నీకూ, నీ పిల్లోళ్ళకూ అంతే. ధైర్యంగా తిరుగు" అన్నాను. గొప్పగా అన్నాను. ఆమె ఆ మాట నమ్మింది.

నాలుగు రోజులకు పైవీధివాళ్ళు కిందివీధి మనిషినొకణ్ణి శెనక్కాయ చేలో నరికారు. నర్సమ్మ పిల్లలను వెంటబెట్టుకుని పోయి కట్టు కట్టింది. రోజూ పోయి మార్చింది. వాడు బతికాడు. గురువారం పిల్లలతో మళ్ళీ పోతుంటే నేనూ వెంట ఉన్నాను. దారిలో ముగ్గురు నిలబడ్డారు.

"యాడికి నర్సమ్మా?"

"కట్టు మార్చేదానికప్పా."

నేను ముందుకు పోయాను. "ఒరే, నిన్ను కాళ్ళు పట్టి బయటికి లాగింది నేను. దారి ఇడు."

"బిడ్డను తీసేదానికైతే పో అవ్వా, నీ కాళ్ళకు మొక్కుతా. మేం నరికినోన్ని బతికించమని ఎవరు జెప్పినారు?"

అప్పుడు తెలిసింది నాకు. మా కట్టుబాటు కాన్పుకే గాని గాయానికి కాదు. అవతలివాడి గాయాన్ని ముట్టినవాళ్ళు ఇంతకుముందు లేరు గనుక ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. సగం మాట చెప్పి ఆమెను పంపింది నేను.

"పిల్లోళ్ళను పోనీయప్పా" అంటోంది ఆమె. గొడ్డలి తొడ మీద పడింది. రక్తం చిమ్మి నా ముఖాన పడింది. వాళ్ళు పరుగెత్తారు. పిల్లలు కొయ్యల్లా నిలబడిపోయారు.

కింద పడిన మనిషి వాళ్ళను గదిమింది. "ఏం సూస్తాండారు? మోకాలు పెట్టి ఒత్తు. ఇంకా పైన. ఆఁ, ఈడ. ఏడ్చేది తర్వాత."

నా మనవరాలు మోకాలితో ఒత్తి ఓణీ చింపి కట్టింది. ఇంకో పిల్ల తల ఒడిలో పెట్టుకుంది. బండి వచ్చేసరికి ఆమె పెదవులు తెల్లబడ్డాయి. కట్టును చేత్తో తడిమి, "బాగనే కట్టినావు. ఆలస్యమైంది, అంతే" అంది. ఇంక మాట్లాడలేదు.

కొట్టినవాళ్ళ పేర్లు పోలీసులకు చెప్పాను. అది వేరే కాగితం. ఇది పిల్లల కోసం. తండ్రులు వాళ్ళను ఇండ్లలో పెట్టి తలుపులు వేశారు. పెద్దమనుషులు చదువే వద్దంటున్నారు. కాన్పు ఒకటి నేర్చుకుంటే చాలు, గాయాల జోలికి పోవద్దు అంటున్నారు కొందరు. నేను ఒప్పుకోను. బొడ్డు కోసే చేతికి ఉన్న దారి కట్టు కట్టే చేతికీ ఉండాలి. నా సగం మాటను నేనే నిండు మాట చేయాలి. కొత్త నర్సమ్మ వచ్చేదాకా వాళ్ళ ముందు నేను నడుస్తాను. ఈ ఊరిలో సగం మందిని ఈ చేతులతో బయటికి లాగాను. గొడ్డలి ఎత్తేవాడు ముందు నా మీద ఎత్తాలి.

మొన్న నా వెనక నా మనవరాలు ఒక్కతే వచ్చింది. ఆ కిందివీధి మనిషికి కట్టు మార్చి వచ్చాం. పైవీధివాళ్ళు వాకిళ్ళలో నిలబడి చూశారు. ఒకడు ఉమ్మేశాడు. ఎవడూ కదల్లేదు. నిన్న ఇద్దరు వచ్చారు. ఈ పొద్దు ఐదుగురు.

ఈ కాగితానికి సాక్షులుగా వీళ్ళనే రాయమన్నాను. కాంపౌండరు కాగితం మీంచి కలం ఎత్తేశాడు.

"పెద్దోళ్ళు గావాల అవ్వా. వీళ్ళు సిన్నపిల్లోళ్ళు."

"సచ్చేదాన్ని ఒడిలో పెట్టుకున్నోళ్ళు ఇంకా సిన్నోళ్ళా? ఏమప్పా, రాయి."

ఆరో పిల్లను తండ్రి ఇంకా గదిలో పెట్టి గొళ్ళెం వేసే ఉంచాడు. దానికీ చోటు వదలమన్నాను.

ఓబులమ్మ, ఎడమచేతి బొటనవేలి ముద్ర.

సాక్షులు:
సుంకులమ్మ (మనవరాలు)
లక్ష్మీదేవి
ఖాసింబీ
మద్దమ్మ
నాగరత్నమ్మ
................