నీళ్ళు తాగిన మూత

పండుగ విత్తనాలు దాచిన ఆనపబుర్రను ఒక పిల్ల గెడ్డవాగులో పడేసిందని మా బడి చుట్టుపక్కల ఊళ్ళలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అది నిజం కాదు. ఆ బుర్రను నీళ్ళలో ముంచింది నేను.

గూడెం కొత్తవీధి దాటి, కాఫీ తోటల మధ్య నడిచి చేరాల్సిన ఊరు అది. బడికి ఒకే గది, నేనొక్కణ్ణే మాస్టారిని. ఆ రోజు రెండో తరగతికి ఏ వస్తువు నీళ్ళు పీల్చుకుంటుంది, ఏది లోపలికి రానివ్వదు అన్న పాఠం. పుస్తకం కన్నా బకెట్ మేలనిపించి, ఇంట్లో ఉన్నవి ఏవైనా తెమ్మని ముందురోజే చెప్పాను. పిల్లలు అడ్డాకులు, స్టీలు గ్లాసు, గోనె ముక్క, కుండ పెంకు తెచ్చారు. ఒక్కొక్కటే ముంచి తీస్తుంటే గదంతా తడి, నవ్వులు. నా చొక్కా అంచు ముంచి చూపించి, గుడ్డ నీళ్ళు తాగుతుందని వాళ్ళ చేతే చెప్పించాను.

చివరగా, అమ్మమ్మ దగ్గర ఉండి చదువుకునే ఒక పిల్ల వచ్చింది. చంకలో ఎండిన ఆనపకాయ బుర్ర. పొగకు నల్లబడి నున్నగా మెరుస్తోంది. మూతికి గుడ్డ ఉండ బిగించి ఉంది.

"దీన్లోకి నీళ్ళు రావు సార్. మా అమ్మమ్మ సెప్పింది," అంది.

బుర్ర బరువుగానే ఉంది. లోపల ఏముందని నేను అడగలేదు. బకెట్లో వేస్తే మెడ దాకా మునిగి తేలింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ హుషారులో రెండు చేతులతో అడుగుదాకా అదిమి పట్టాను. బుడగలు వచ్చాయి. పైకి తీసి మూత లాగితే లోపల రాగులు, అక్కడి మాటలో చోళ్ళు, తడిసిపోయి.

వాటిని గోనె మీద ఎండబోశాను. ఆరితే సరిపోతుందనుకున్నాను. నేను కొండ కింది మైదానం నుంచి వచ్చినవాణ్ణి. అవి చైత్రంలో అమ్మవారి ముందు పెట్టాల్సిన విత్తనాలని, అంతకుముందే నీరు తగిలితే వండుకోవడానికే తప్ప చల్లడానికి పనికిరావని నాకు తెలియదు. ఆ పిల్లకు తెలుసు. అందరికన్నా గొప్పది తేవాలని పొయ్యి మీది అటక నుంచి ఎవరినీ అడక్కుండా దించుకొచ్చింది. పైగా ఆ ఏడు పండుగలో తొలి గుప్పెడు చల్లాల్సింది తనే. ఇంటి చిన్న ఆడపిల్ల చేత చల్లించడం వాళ్ళింటి ఆనవాయితీ.

సాయంత్రం గింజలు మళ్ళీ బుర్రలో పోసిచ్చి, ఆ పిల్లకు ఇంటిదాకా తోడు వెళ్ళాను. గెడ్డ దగ్గర ఆగింది.

"ఇక్కడ జారిపోనానని సెప్తాను సార్. నువ్వు ఏటీ అనకు."

నేను ఏమీ అనలేదు. వాళ్ళ గుమ్మం దగ్గరా అనలేదు.

పండుగనాడు, విత్తనాలు పాడుచేసిందని ఈ పిల్లను పక్కన పెట్టారు. పక్కింటివాళ్ళు ఇచ్చిన విత్తనాలతో తొలి గుప్పెడు ఆమె పిన్ని కూతురు చల్లింది. ఈ పిల్ల వచ్చి నా పక్కన నిలబడి, నా వేలు పట్టుకుని, మెల్లిగా అంది: "బుర్ర మంచిదే సార్. మూత గుడ్డ కదా. గుడ్డ నీళ్ళు తాగేసింది."

పాఠం ఆమెకు బాగా వంటబట్టింది. బుర్ర మీద నింద లేకుండా చేసింది. నన్ను అనాలని ఆమెకు తోచనే లేదు.

మర్నాడు వెళ్ళి అమ్మమ్మకు జరిగింది చెప్పాను. ఆమె చేట పక్కన పెట్టి నన్ను దగ్గరకు పిలిచింది.

"ఊర్లో సెప్పకు బాబూ. మాస్టారే ముంచీసినాడంటే పిల్లల్ని బడికి పంపరు."

ఆమె ఆ మాట బడి కోసం అంది. నేను నా కోసం పట్టుకున్నాను. మరుసటి పండుగ నాటికి ఆ పిల్ల దూరంగా ఆశ్రమ పాఠశాలలో ఉంది. తర్వాత ఇంట్లో ఇంకా చిన్నవాళ్ళు పుట్టారు. తొలి గుప్పెడు ఆమె చేతికి రానేలేదు.

ఈ ఏడు పండుగకు ఆమె ఇంటర్ సెలవుల్లో ఊళ్ళో ఉంది. ఎవరో చిన్నపిల్లలకు ఆమెను చూపించి, బుర్రను గెడ్డలో పడేసిన అక్క ఈమేనని చెబుతున్నారు. ఆమె నవ్వి ఊరుకుంది. నేను ఊరుకోలేకపోయాను. లేచి, బుర్రను ముంచింది నేనేనని, మూత గుడ్డ నీళ్ళు తాగిందని అందరి ముందూ చెప్పాను. డప్పు కొట్టేవాళ్ళు కూడా ఆపేశారు.

"ఇన్నాళ్ళూ నీ నోట్లో కూడా గుడ్డే కుక్కినారేటి మాస్టారూ?" అన్నాడు ఒక ముసలాయన. అందరూ నవ్వారు. అమ్మమ్మ నవ్వలేదు. మనవరాలిని పిలిచి అమ్మవారి ముందు కూర్చోబెట్టింది. ఈ ఏడు చల్లాల్సిన చిట్టిపిల్లను ఆమె ఒళ్ళో పెట్టి, ఇద్దరి చేతులూ కలిపింది.

బుర్ర తెరిచే ముందు ఆ మనవరాలు దాని మూతను బొటనవేలితో నొక్కి చూసింది. తర్వాత నా వైపు తిరిగి, "మైనం సార్," అంది.