డేగ గురువారం రాదు

సిటీ బస్సుల్లో ఆమెను డేగ అనేవారు. ముందు కండక్టర్లు అన్నారు, తర్వాత ప్రయాణికులు అందుకున్నారు. ఆ పేరు ఉందని ఆమెకు చాలా ఏళ్లుగా తెలుసు. తెలిసినట్టు ఎవరి దగ్గరా బయటపడలేదు. టికెట్ ఇన్‌స్పెక్టరుగా ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసు. సన్నటి మనిషి, వెనక్కి బిగించి దువ్విన జుట్టు, భుజానికి అడ్డంగా నల్ల తోలు సంచి. బస్సు ఆగీ ఆగకముందే వెనక మెట్టు మీద కాలు పెట్టేది.

టికెట్ లేనివాణ్ణి కనిపెట్టడానికి ఆమెకు టికెట్లు చూడాల్సిన పనే ఉండేది కాదు. ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్లు కిటికీలోంచి బయటికి చూసేవాళ్లను అనుమానిస్తారు. ఆమె వాళ్లను వదిలేసేది. టికెట్ ఉన్నవాడికే బయటికి చూసే తీరిక ఉంటుంది. లేనివాడు ఆమె వంకే చూస్తాడు, అడగకముందే జేబులో చెయ్యి పెడతాడు, లేకపోతే నిద్ర నటిస్తాడు. నిజంగా నిద్రపోయేవాడి తల మలుపులో ఊగుతుంది, నటించేవాడి మెడ బిర్రుగా ఉంటుంది. ఈ సంగతులు ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఇంట్లో ఎవరూ లేరు. పెళ్లెందుకు చేసుకోలేదని అడిగితే "తీరలేదు" అనేది.

యాభై ఆరో ఏట ఆమె చీలమండ విరిగింది. ఎవరినో తరుముతూ కాదు. డిపోలో అప్పుడే కడిగిన మెట్ల మీద జారింది. ఎనిమిది వారాలు కట్టు తీయకూడదన్నారు. ఆమె అద్దెకుండేది మూడో అంతస్తులో, లిఫ్టు లేదు. అన్నయ్య వచ్చి తన ఇంటికి తీసుకుపోయాడు. అన్నయ్యకు రంగుల దుకాణం. వదిన ఒక స్కూల్లో లైబ్రరీ చూస్తుంది. వాళ్ల ఒక్కగానొక్క కూతురు కట్టుడు పళ్లు తయారుచేసే ల్యాబులో పని చేస్తుంది. ఆ అమ్మాయి పొద్దున పోయి నాలుగున్నరకు వచ్చేది. రాగానే చేతులు కడుక్కుని, హాల్లో టీవీ ముందు నేల మీద కూర్చుని వీడియో గేమ్ పెట్టేది. మేనత్తకు మంచం వేసింది ఆ హాల్లోనే.

మొదటి రోజు ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. రెండో రోజు ఇటు తిరిగింది.

తెర మీద బూడిద రంగు కోటు తొడుక్కున్న ఒక ఆడమనిషి ఏదో పెద్ద భవనంలో గోడల వెంట నక్కి నక్కి నడుస్తోంది. మూలమూలనా కాపలావాళ్లున్నారు.

"ఏం చేస్తోంది అది?" అని అడిగింది మేనత్త.

"పై గదిలో ఒక ఫైలుంది అత్తా. ఎవరి కంటా పడకుండా తెచ్చుకోవాలి."

"అంటే దొంగతనం."

"గూఢచర్యం."

"ఏదో ఒకటిలే. టికెట్ లేనివాళ్లు కూడా దానికి రకరకాల పేర్లు పెడతారు."

అంతలో మెట్ల దగ్గర కాపలావాడు కోటు మనిషిని చూశాడు. సైరన్ మోగింది. మేనకోడలు కంట్రోలరు ఒళ్లో పడేసింది. "వారం రోజులుగా ఇక్కడే చస్తున్నాను. ఈ మెట్లు దాటలేకపోతున్నా."

"దాటలేకపోవడానికి అక్కడ ఎవడున్నాడని? ఆ తలుపు దగ్గరివాడు దండగ మనిషి. ఒళ్లు తిప్పుతాడు గానీ చూపు తిప్పడు. నువ్వు వాడికి భయపడి ఇటు పోతున్నావు. అసలు మనిషి ఆ పూలకుండీ పక్కన ఊరికే నిలబడ్డవాడు. ఊరికే నిలబడ్డవాడే అన్నీ చూస్తాడు."

మేనకోడలు వెనక్కి తిరిగి ఆమెను ఎగాదిగా చూసింది. "ఇంకోసారి చెప్పు."

"ఏడు లెక్కపెట్టు. ఏడుకి వాడు దగ్గుతాడు. దగ్గేటప్పుడు ఎవరైనా కళ్లు మూసుకుంటారు. అప్పుడు పో."

అమ్మాయి ఏడు లెక్కపెట్టింది. కాపలావాడు దగ్గాడు. కోటు మనిషి మెట్లెక్కేసింది. ఆ ఇంట్లో మేనత్తా మేనకోడళ్లు అంతవరకు "తిన్నావా", "పడుకున్నావా" తప్ప మాట్లాడుకున్నది లేదు. ఆ సాయంత్రం నుంచి మాటలు ఆగలేదు.

వారం తిరక్కుండా ఆమె పగటిపూట ఇంట్లో ఎవరూ లేనప్పుడు తనే కంట్రోలరు పట్టుకుంది. మొదట కోటు మనిషి గోడకు గుద్దుకుని అక్కడే నడుస్తూ ఉండిపోయింది. తర్వాత చాలాసేపు పైకప్పు వంక చూసింది. నాలుగు రోజులు పట్టింది, చేతులు మాట వినడానికి.

అప్పుడు ఆమెకు ఒక గది దొరికింది. పొడవాటి పరదాలున్న గది. పరదా వెనక నిలబడితే కాపలావాడు బారెడు దూరంలో వచ్చి ఆగుతాడు. వాడి ఊపిరి వినిపిస్తుంది. బెల్టుకున్న తాళాలు గలగలమంటాయి. ఆ క్షణంలో మంచం మీద కూర్చున్న మనిషి గుండె దడదడలాడేది. వాడు వెళ్లిపోయాక ఒళ్లంతా తేలికయ్యేది. సర్వీసులో ఎన్నో వేలమందిని ఆపింది గానీ, ఒక్కసారైనా ఆమె గుండె అలా కొట్టుకోలేదు. మధ్యాహ్నం మధ్యాహ్నమంతా ఆ పరదా వెనకే గడిచిపోయేది. ముందుకు పోవాలని కూడా అనిపించేది కాదు.

పరదా వెనక ఉన్నప్పుడే ఆమెకు ఇంకో సంగతి తట్టింది. దాక్కున్న మనిషికి కాపలావాడి గురించి అంతా తెలుసు. ఎన్ని అడుగులు వేస్తాడో, ఎక్కడ ఆగుతాడో, ఎటు చూడడో తెలుసు. కాపలావాడికి మాత్రం ఏమీ తెలియదు. తను గట్టిగా కాపలా కాస్తున్నాననే అనుకుంటాడు.

కంట్రోలరు పక్కన పెట్టి, ఫోను తీసి, తమ డిపోలో ఒక కండక్టరుకు చేసింది. కాలంతో పని లేకుండా మెడకు మఫ్లరు చుట్టుకుని తిరుగుతాడు కాబట్టి అందరూ అతన్ని మఫ్లరనే పిలుస్తారు.

"ఒకటి అడుగుతాను, దాచకుండా చెప్పు. నేను ఏ రోజు ఏ బస్సు ఎక్కుతానో జనానికి తెలుసా?"

మఫ్లరు మాట మార్చాడు.

"కాలెలా ఉంది మేడం?"

"కాలు సంగతి తర్వాత."

"బాధపడనంటే చెప్తాను."

"చెప్పు."

"సోమవారం తొమ్మిదో నంబరు, మార్కెట్ దగ్గర ఎక్కుతారు. మంగళవారం పద్నాలుగు. బుధవారం మళ్లీ తొమ్మిదే, కాకపోతే మధ్యాహ్నం. గురువారం డిపోలో రిపోర్టులు రాసుకుంటారు, రోడ్డు మీదకే రారు. శుక్రవారం..."

"చాలు."

"ఫోన్లలో గ్రూపు కూడా ఉంది మేడం. మీరు ఎక్కగానే ఎవరో ఒకరు పక్షి బొమ్మ పెడతారు."

"ఆ సంగతి నీకెలా తెలుసు?"

"నన్ను కూడా చేర్చారు." ఆ మాట నోరు జారాక గబగబా అన్నాడు, "నేనేం పెట్టనండీ. ఊరికే చూస్తానంతే. అయినా మేడం, మన డిపోలో టైముకి వచ్చేది మీరొక్కరే. అందుకే వాళ్లకి అంత సులువైంది."

ఆమె ఫోను పెట్టేసింది. ఇన్నాళ్లూ తను పట్టుకున్నది ఎవరినో లెక్క వేసుకుంది. ఊరికి కొత్తవాళ్లు. పరధ్యానం మనుషులు. టికెట్ జారవిడుచుకున్న ముసలివాళ్లు. తను తిరిగే దారి తెలిసినవాళ్లెవరూ ఆమెకు చిక్కలేదు. రెండు రోజులు ఆట ముట్టుకోలేదు, సరిగా తిననూ లేదు. కాలు నొప్పి అనుకుని వదిన మాత్ర ఇచ్చింది.

మూడో రోజు మేనకోడలితో చెప్పింది. ఆ అమ్మాయి నవ్వలేదు.

"ఆటలో కాపలావాళ్లది మాత్రం తప్పేముంది అత్తా? ఎవరో వాళ్లకి ఆ దారి గీసిచ్చారు, అదే తిరుగుతారు."

"నాకెవరూ గీసివ్వలేదే. నేనే గీసుకున్నాను."

అమ్మాయి కంట్రోలరు తెచ్చి మేనత్త చేతిలో పెట్టింది.

ఆ ఆటలో భవనమంతా తిరిగినా ఎవరి కంటా పడకపోతే 'నీడ' అని బిరుదిస్తారు. మేనకోడలికి అది ఎప్పుడూ రాలేదు. ఆ అమ్మాయి మత్తుసూది వేసి కాపలావాళ్లను పడుకోబెట్టి పోయేది. మేనత్త దానికి ఒప్పుకోలేదు.

"డ్యూటీలో ఉన్నవాణ్ణి మత్తుమందిచ్చి పడుకోబెట్టడమేంటి? రేపు వాడి ఉద్యోగం ఉంటుందా?"

ఆరో వారంలో ఒక ఆదివారం, భోజనాలయ్యాక, ఆమె మొదలుపెట్టింది. అన్నయ్య కుర్చీలో కునుకు తీయబోయి లేచి కూర్చున్నాడు. వదిన చిక్కుడుకాయల పళ్లెం తెచ్చుకుని మంచం చివర కూర్చుంది. మొదటి అంతస్తు దాటేసరికి వదిన చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది.

"వస్తున్నాడు! వెనకనుంచి వస్తున్నాడు! చెప్తే వినవేం!" అని అరిచింది.

"వదినా, మెల్లగా. వాడికి వినబడుతుంది," అంది ఆమె గుసగుసగా.

ఆ మాటకు ఎవరూ నవ్వలేదు. అన్నయ్య కూడా గొంతు తగ్గించి, "ఆ తలుపు వెయ్యి, గాలికి కొట్టుకుంటుంది," అన్నాడు. అతను అన్నది ఇంటి తలుపో, తెర మీది తలుపో ఎవరికీ అర్థం కాలేదు. ఒక పరదా వెనక ఆమె పదకొండు నిమిషాలు కదలకుండా నిలబడింది. నలుగురూ ఊపిరి బిగబట్టారు. మొదలుపెట్టిన రెండు గంటల నలభై నిమిషాలకు కోటు మనిషి ఫైలుతో వెనక గేటు దాటింది. తెర నల్లబడి 'నీడ' అన్న మాట వెలిగింది. మేనకోడలు ఈల వేసింది.

"ఇంతకీ ఆ ఫైల్లో ఏముంది?" అని అడిగింది వదిన.

అప్పటిదాకా ఆ సంగతి ఎవరూ ఆలోచించలేదు.

కట్టు విప్పాక ఆమె తిరిగి డ్యూటీలో చేరింది. తోలు సంచి బీరువాలో పెట్టేసి, కూరగాయల సంచి పట్టుకుంది. ఇన్‌స్పెక్టరు గుర్తింపు కార్డు అందులో అడుగున ఉండేది. తొమ్మిదో నంబరు వదిలేసి ముప్ఫై ఒకటి ఎక్కేది. ఎక్కగానే టికెట్లు అడిగేది కాదు. మూడు స్టాపులు ప్రయాణికురాలిలా కూర్చునేది. మొదటి గురువారమే పద్నాలుగో నంబరు ఎక్కింది.

నాలుగో సీట్లో తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు, మోకాళ్ల మీద పేపరుతో ఒక పెద్దమనిషి ఉన్నాడు. ఆమెకు తొమ్మిదేళ్లుగా తెలిసిన ముఖం. మంగళ, శుక్రవారాల్లో కనిపిస్తాడు. అడగకముందే టికెట్ చూపిస్తాడు. ఆమె లేచి ఆ సీటు దగ్గరకెళ్లింది.

"టికెట్ అండీ."

అతను తలెత్తి చూసి తెల్లబోయాడు.

"మేడం... ఇవాళ గురువారం కదా!"

"అవునండీ."

"మీరు గురువారం రారు కదా!"

అది భయపడ్డ మనిషి గొంతు కాదు. మాట ఇచ్చి తప్పినవాళ్లను నిలదీసే గొంతు. వెనక సీట్లో ఎవరో కిసుక్కుమన్నారు. అంత సర్వీసులో ఆమె డ్యూటీలో నవ్వడం అదే మొదటిసారి. ఆపుకుందామంటే ఆగలేదు. నవ్వుతూనే జరిమానా చీటీ రాసి చేతిలో పెట్టింది.

ఇద్దరూ ఒకే స్టాపులో దిగారు. తర్వాతి బస్సుకు పావుగంట ఉంది. అతను మ్యాపులు గీసే ఆఫీసులో రిటైరైన డ్రాఫ్ట్స్‌మన్. చీటీ నాలుగు మడతలు పెట్టి పెన్నుల వెనక దోపుకుని, షెల్టరు బెంచీ మీద కూర్చున్నాడు.

"మంగళవారం, శుక్రవారం కొంటాను మేడం. మిగతా రోజులు కొనను," అన్నాడు తనే.

"ఇబ్బందిగా ఉందా?"

"ఛఛ, పెన్షను వస్తుంది."

"మరెందుకండీ ఈ పని?"

"ఎలా చెప్పను? టికెట్ లేకుండా కూర్చున్న రోజు దిగేదాకా ఒళ్లంతా కళ్లే మేడం. ఎవరెక్కారు, ఎవరు దిగారు, ఎవరి చెప్పు తెగింది, అన్నీ కనిపిస్తాయి. కొన్న రోజున ఏమీ కనిపించదు. రెండుసార్లు నా స్టాపు కూడా దాటిపోయింది."

తిట్టాల్సిన మాట అది. ఆమె తిట్టలేకపోయింది. అతను దేని గురించి చెబుతున్నాడో ఆమెకు బాగా తెలుసు.

"మీ ఇంట్లో టీవీ ఉందా?" అని అడిగింది.

"ఉంది. ఎందుకండీ?"

ఆమె ఒక ఖాళీ కాగితం చించి ఆట పేరు రాసి ఇచ్చింది. "ఇంట్లో ఇది ఆడుకోండి. బస్సులో టికెట్ కొనండి."

అతను కళ్లజోడు సవరించుకుని చదివాడు. "ఇందులో ఇన్‌స్పెక్టర్లు ఉంటారా?"

"కాపలావాళ్లుంటారు. మీ ముందు చాలరు."

అతను ఆ ఆట ఆడాడో లేదో ఆమెకు తెలియదు. రెండు నెలలకు బస్సుల తలుపుల దగ్గర మిషన్లు వచ్చాయి. టికెట్ చూపిస్తేనే అడ్డుకమ్మీ తెరుచుకుంటుంది. ఇన్‌స్పెక్టర్లందర్నీ డిపో లోపలి గదుల్లో కూర్చోబెట్టారు. పక్షి బొమ్మల గ్రూపులో ఇప్పుడు వంటల వీడియోలు వస్తున్నాయని మఫ్లరు చెప్పాడు. అతను అందులోంచి బయటికి రాలేదట. ఆమె మిగిలిన సర్వీసు కాగితాల మీద సంతకాలు పెడుతూ పూర్తిచేసింది.

ఆదివారాలు అన్నయ్య ఇంటికి వెళ్లడం మాత్రం మానలేదు. ఆ ఆటలో భవనాలన్నీ ఆమెకు కొట్టిన పిండి. ఒక్క చివరి ఘట్టమే ఆమె ఆడదు. అక్కడ కోటు మనిషి సంగతి బయటపడిపోతుంది. వీధుల వెంట పరుగెత్తాలి, కాల్పులు జరపాలి. అక్కడికి వచ్చేసరికి ఆమె కంట్రోలరు మేనకోడలికి ఇచ్చేసి, వదినకు సాయం చేద్దామని వంటింట్లోకి వెళ్లిపోతుంది.